దారాలత్త జవాబులు

హలో… ఆ, నేనే. మీ మామగారిని.

…

బాగానే ఉన్నాను. అమ్మాయికి ఇవ్వకండి. మీతోనే పని.

…

అవును, నేనే చేశాను. రాకరాక వచ్చింది నా ఫోను. వినండి మరి.

…

చూశాను, అల్లుడు గారూ. మన కొట్టుకి మీరు చేసిన కొత్త వెబ్‌సైట్ చూశాను. పాతది మేకులూడిన పెట్టెలా ఉందన్నారుగా. ఇది అద్దాల మేడ.

…

ఆగండి. పొగిడాననుకున్నారా?

…

పొద్దున ఒకామె మిషన్ మోసుకుంటూ కొట్టుకి వచ్చింది. రావడం రావడమే, ‘ఆ సారు లేరా?’ అంది. కుట్టుమిషన్లు బాగుచేసేది నేనేనమ్మా, ఏ సారు అన్నాను. ఫోను తీసి చూపించింది.

…

మీరే. నల్లకళ్లద్దాలు, మోటారుసైకిలు.

…

‘దారం ఊరికే తెగుతుంటే ఏం చెయ్యాలో ఎంత బాగా చెప్పారండీ, కన్నతల్లి దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పినట్టు’ అంది. అలాగే ఉంటుంది మరి. చెప్పింది మీ అత్తగారు కదా.

…

ఒక్క జవాబు కింద కాదు. అన్నిటి కిందా మీ పేరే, మీ మొహమే. ఇన్నేళ్లూ అక్కడ ‘దారాలత్త’ అని ఉండేది. మిషన్ మొరాయించిన వాళ్లంతా అత్తా, అత్తా అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఆ అత్త ఏమైంది?

…

నాకు అర్థమయ్యేలా చెబుతారా? చెప్పండి. మూడో తరగతి తెలివికి అందేలా చెప్పండి.

…

ఊఁ.

…

ఊఁ. పాత సాఫ్ట్‌వేర్‌లోంచి కొత్తదాంట్లోకి సామాను చేరవేసేటప్పుడు, ఇవన్నీ ఎవరి పేరున దించమంటావని అదే అడుగుతుంది. మీరు మీ పేరు నొక్కారు.

…

తొందరలో. ఒక్క సాయంత్రంలో మార్చి పారేశానని ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నారే, ఆ తొందర. ఇల్లు మారుతున్నాం, సామాను చేరవెయ్యమంటే, గుమ్మానికి తన పేరు కొట్టుకున్నాడట వెనకటికి ఒక బండివాడు.

…

ఇప్పుడే నవ్వకండి. ఇంకోటుంది.

…

కడుపుతో ఉన్నవాళ్లు మిషన్ తొక్కొచ్చా అని ఎవరో అడిగారు. గుర్తుందా?

…

లేదా? జవాబు మీదేగా! ‘మా అమ్మాయి కడుపులో ఉండగా నెలలు నిండేదాకా తొక్కాను తల్లీ, నడుము లాగితే ఆపేదాన్ని.’ కింద మీ ఫొటో. మీసంతో.

…

అంటే మీ పెళ్లాన్ని మీరే కన్నారు. పురుడు పొయ్యడానికి మేం రాలేకపోయాం, ఏమీ అనుకోకండి.

…

ఎవరు చూస్తారా? మిషన్ ఆగిపోయిన ప్రతివాళ్లూ చూస్తారు.

…

మొహం కనపడితే నమ్మకం కుదురుతుందా? సూదికి ముందేదో వెనకేదో తెలియని మొహం. సరే.

…

ఆవిడా? ఏమీ అనలేదు. అనదనేగా మీ ధీమా. ఈ ఇంట్లో మాట తక్కువ మనిషిని నేనొక్కణ్నే అనుకున్నాను ఇన్నాళ్లూ.

…

కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసింది. పని అయిపోయాక మిషన్ మీద కప్పుతుందే, ఆ గుడ్డ. కొత్త ప్రశ్నలు వచ్చి పడుతున్నాయి, ఆ వైపు చూడటం లేదు. ఎందుకో నాకు పొద్దున దాకా తెలియలేదు.

…

మార్చొచ్చా? అయితే ఇంకేం.

…

ఒక్కోదానికీ విడిగా చేత్తో మార్చాలా? మార్చండి. ఆవిడ ఒక్కోటీ చేత్తోనే రాసింది. ఒంటి వేలితో, అక్షరం వెతుక్కుంటూ.

…

తీరిక చేసుకోండి. ఆ ఫొటో దిగడానికి చేసుకోలేదూ?

…

ఏమిటీ? పాతది ఇవాళ తుడిచేస్తున్నారా? … వద్దు. చెయ్యి తియ్యండి. దారాలత్త అన్న పేరు ఇక అక్కడొక్కచోటే మిగిలింది.

…

ఆపారా? … చూసి చెప్పండి. … సరే.

…

పొరపాటే. ఒప్పుకున్నాను. చూడకుండా నొక్కడం పొరపాటే. మరి మొన్నటిదో?

…

మొన్న ఎవరో అడిగారు. ‘ఈ జవాబులన్నీ మీరే రాశారా అండీ?’ అని. మీరేమన్నారు?

…

మరిచిపోయారా? నేను కూడబలుక్కుని చదివాను, ఇంకా నోట్లోనే ఉంది. ‘అవునండీ, అన్నీ నేనే. సొంత అనుభవం.’

…

అవును, పేరు చెప్పకుండానే అడిగారు. అందుకేగా అంత ధైర్యం. ఎవరో తెలుసా?

…

గుడ్డ ఎందుకు కప్పావే అని పొద్దున అడిగాను. ఆ ప్రశ్నా, దాని కింద నీ జవాబూ తీసి చూపించింది.

…

ఊఁ. అడిగింది ఆవిడే.

…

ఇప్పుడు ఫోను ఆవిడకి ఇచ్చి ఏం లాభం? ‘రాసింది నేను కాదు’ అని చెబుతావా?

…

క్షమాపణ నాకొద్దు. ఆవిడకీ వద్దు. పేరు మార్చు. అన్నిటికీ. ఆ మొన్నటి జవాబుకి మాత్రం మార్చకు, అదొక్కటి నీదే.

…

మార్చాక నాకు చెప్పక్కర్లేదు. ఆ గుడ్డ తీస్తే నాకు తెలుస్తుంది.

…

లేదు, ఇవ్వను. ఆవిడ చేతులు ఖాళీ లేవు. వినపడటం లేదూ, మిషన్ చప్పుడు?

…

చొక్కా.

…

నీదే. చంక కింద చిరిగిందని అమ్మాయి పంపింది కదా, అదే.

…

ఆపమని నేను చెప్పను. చెప్పినా ఆపదు.

…

రేపు వచ్చి తీసుకెళ్లు. చిరుగు ఎక్కడుందో నీకే దొరకదు, అలా కుడుతుంది. తొడుక్కుని ఊరంతా తిరుగు. ఎవరు కుట్టారని ఎవరైనా అడిగితే—

…

‘నేనే’ అని చెప్పు.

పెట్టేస్తున్నా.