ఉడుంపట్టు మాస్టారి చెప్పులు

కండక్టరమ్మ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. అదే ఆవిడ చేసిన పొరపాటు.

"ఏం మాస్టారూ, మీరు నేర్పే ఈ కుస్తీపట్లు నిజంగా రోడ్డు మీద పనికొస్తాయా, లేక మీ పరుపుల మీదేనా?"

బస్సు కదలడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. డిపో ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చుని అడిగిన ఆ మాట ఊరికే అడిగింది కాదు. పోయిన వారం వాళ్ళమ్మాయి ఆసుపత్రి ల్యాబులో పని ముగించుకుని వస్తుంటే, గోడౌన్ల సందులో ఎవడో చెయ్యి పట్టుకున్నాడు. పిల్ల ఎలాగో విదిలించుకుని ఇంటికొచ్చి పడింది గానీ, మణికట్టు మీద వాడి వేళ్ళ మచ్చలు ఇంకా పోలేదు. అప్పట్నుంచి తల్లికి కంటిమీద కునుకు లేదు. ఉద్యోగం మానమంటే పిల్ల వినదు. రోజూ వెంట వెళ్దామంటే తన డ్యూటీ కుదరదు.

టైరుకొట్టు మేడమీద క్లాసులు చెప్పే మాస్టారు గ్లాసు అందుకుని గొంతు సవరించుకున్నాడు. ఉడుంపట్టు మాస్టారని ఆయనకి ఆయనే పేరు పెట్టుకున్నాడు, బోర్డు మీద కూడా రాయించుకున్నాడు.

"అయిపోయాం అక్కా, బస్సు లేటే ఇవాళ" అని గొణిగాడు పక్కనున్న డ్రైవరు.

కండక్టరమ్మ అలవాటు కొద్దీ మనిషిని పైనుంచి కిందిదాకా చూసింది. టిక్కెట్టు లేనివాణ్ణి మొహం చూసి పట్టేసే కళ్ళు అవి, ఇరవై ఏళ్ళుగా అదే పని. మాస్టారి కాళ్ళకి ఆడవాళ్ళ చెప్పులున్నాయి. పైన గులాబీరంగు పువ్వు, వెనక మడమ సగం నేల మీద.

"పనికొస్తాయా అంటావేంటమ్మా! మొన్న మంగళవారం పొద్దున్నే పాల ప్యాకెట్లకి వెళ్తున్నా, ఒకడు పెద్దావిడ చేతిసంచీ లాక్కుని నా ఎదురుగానే వస్తున్నాడు. నేను కంగారుపడ్డానా? పడలేదు. చెప్పులు విప్పి, పక్కన జతగా పెట్టి... పరుపెక్కే ముందు చెప్పులు విప్పాలి, అది మా గురువుగారు పెట్టిన పద్ధతి... విప్పి, ఒక్క పట్టు పట్టా. చెయ్యి మెలేశా, మెడ నా చంకలో ఇరికించా, దబ్బున ఇద్దరం కింద. ఇంక వాడు కదిల్తే ఒట్టు!"

"ఒక్కడేనా?" అన్నాడు డ్రైవరు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"ఒక్కడా? భలేవాడివే! వాడి వెనకాల నలుగురు. ఒకణ్ణి కుడికాలి కింద తొక్కిపట్టా, ఒకణ్ణి ఎడమకాలి కింద, ఒకణ్ణి మోచేత్తో. నాలుగోవాడికి చోటు లేక మధ్యలో కుక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడౌన్ల వెనకనుంచి ఇంకో పద్నాలుగు మంది!"

"అంతమంది దొంగలు అంత పొద్దున్నే ఎలా లేచారు మాస్టారూ?" అన్నాడు టీకొట్టు బాబాయి.

"వాళ్ళవీ డ్యూటీలేనయ్యా! మొత్తం అందర్నీ జడ అల్లినట్టు అల్లేశా. ఏ కాలు ఎవడిదో వాడికే తెలీదు. పోలీసులొచ్చి విడదీయలేక, ఒక్కో అరికాలికీ చక్కిలిగిలి పెట్టి, ఎవడు నవ్వితే ఆ కాలు వాడిదని రాసుకున్నారు. మధ్యాహ్నం దాకా అదే పని!"

బాబాయి నవ్వుతూ పాల సంగతి మర్చిపోయాడు, అవి కాస్తా పొంగిపోయాయి. కండక్టరమ్మకి మాత్రం నవ్వు రాలేదు. నిజం కోసం వస్తే ఈయన చెవిలో పువ్వులు పెడుతున్నాడని లోపల ఏడుపొచ్చినంత పనైంది.

"అసలు సంగతి వినండి. ఆ ముఠా నాయకుడు రోడ్డు రోలరెక్కి నా మీదికొచ్చాడు! పారిపోతానా? వెల్లకిలా పడుకుని, ముందు చక్రాన్ని కౌగిలించుకుని, రెండు కాళ్ళూ మెలేశా. ఇంజను రొప్పుతోంది, పొగ కక్కుతోంది, అంగుళం కదల్లేదు. చివరికి పాపం రెండుసార్లు హారన్ కొట్టింది. వదిలేశా."

"అదేంటి, గెలుస్తూ గెలుస్తూ వదిలేశారా?" అన్నాడు డ్రైవరు.

"మరి వదలొద్దూ? అవతలివాడు రెండుసార్లు తట్టాడంటే ఓటమి ఒప్పుకున్నట్టు. ఆ క్షణమే వదలాలి, లేకపోతే ఎముక విరుగుద్ది. పద్దెనిమిదేళ్ళ అలవాటు. నిద్రలో మా ఆవిడ రెండుసార్లు తడితే దుప్పటి కూడా వదిలేస్తా!"

కండక్టరమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది. మళ్ళీ ఓసారి ఆ గులాబీరంగు పువ్వులకేసి చూసింది.

"మాస్టారూ, మొదటివాడు, ఆ సంచీ దొంగ... వాడూ రెండుసార్లు తట్టాడా?"

 మాస్టారి కాళ్ళు మెల్లగా బల్ల కిందికి జరిగాయి.

"ఊపిరాడక చేతులు కొట్టుకున్నాడమ్మా. నా భుజం మీద రెండు దెబ్బలు పడ్డాయి. నా చేతులు వాటంతటవే..."

"వదిలేశారు."

"వదిలేసి, లేపి నిలబెట్టి, వంగి దణ్ణం కూడా పెట్టా. అదీ అలవాటే."

"మీరు తల ఎత్తేసరికి వాడూ లేడు, మీరు జతగా పెట్టిన చెప్పులూ లేవు."

డ్రైవరు బల్ల మీద పడి పొర్లాడు. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. మాస్టారు మాత్రం చిన్నపిల్లాడిలా, "పెద్దావిడ సంచీ ఇచ్చేశానమ్మా, అది వాడు పట్టులో ఉండగానే జారవిడిచాడు" అన్నాడు.

కండక్టరమ్మ బల్ల మీదే ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఎవడైనా మా అమ్మాయి చెయ్యి పట్టుకుంటే ఏం చెయ్యాలి? రోలర్లొద్దు. నిజం చెప్పండి."

మాస్టారి గొంతు మారింది. "చెయ్యి విడిపించుకుని అరుస్తూ పరిగెత్తాలి. కింద పడితే ఎలా తన్నుకుని లేవాలో నేర్పుతా. ఇద్దరొస్తే నా పట్లు పనికిరావు, పరుగొక్కటే. ఏదీ, చెయ్యివ్వు. డ్రైవరూ, అక్క మణికట్టు గట్టిగా పట్టుకో. ఇప్పుడు వాడి బొటనవేలి వైపుకి తిప్పి లాగమ్మా."

లాగింది. ఇరవై ఏళ్ళు స్టీరింగు తిప్పిన చేతిలోంచి ఆవిడ చెయ్యి సులువుగా బయటికొచ్చేసింది. ఆ మణికట్టుని ఇంకో చేత్తో తడిమి చూసుకుంది. వారం రోజుల్లో మొదటిసారి గుండె తేలికపడింది.

"రేపట్నుంచి పంపిస్తాను" అంది.

మాస్టారు పొంగిపోయి మిగిలిన టీ తాగబోయాడు. ఈలోగా డ్రైవరు బస్సెక్కి, టైమైందని రెండుసార్లు హారన్ కొట్టాడు.

మాస్టారి చెయ్యి టక్కున తెరుచుకుంది. గ్లాసు కింద పడి భళ్ళుమంది. గులాబీరంగు పువ్వుల నిండా టీ.

కండక్టరమ్మ సంచీ భుజాన వేసుకుని లేచింది. "పట్టడం మీరు నేర్పండి మాస్టారూ. వదలకుండా ఉండడం ఇంటి దగ్గర నేను నేర్పుకుంటాను."