మొదటి మందు

పొదిలిలో శిక్షణప్పుడు పురుగుమందు కొట్టే పంపుల రిపేరు నేర్పిన మాస్టారు, ఇంటి వసారాలో ఆమె పెట్టుకున్న కొట్టు చూద్దామని వచ్చాడు. ఈ వారంలో ఆ గుమ్మం తొక్కింది ఆయనొక్కడే. ఆమె చేతుల మసి గబగబా తుడుచుకుని స్టూలు వేసింది.

“పని ఎట్లా నడుస్తోందమ్మా?”

“మిరపకి మొదటి మందు కొట్టే రోజులు కదండీ. ఊరంతా పంపులు బాగుచేయించుకుంటోంది.”

“ఇక్కడొక్కటీ రాలేదే?”

“మొదటి మందు కొట్టే పంపు, మొగుడు పోయినదాని చేతిమీదుగా పోకూడదంటండి. చేనుకి పురుగు పడుతుందంట.”

“బ్యాచీకంతా ఫస్టొచ్చింది నువ్వే కదమ్మా!”

“ఆ మాటా చెప్పానండి.”

“మరి ఆ విప్పిన పంపెవరిది?”

“మా ఆయనది. రోజూ విప్పి, బిగించి, స్టార్టు చేస్తా.”

“బాగున్నదాన్ని విప్పడమెందుకమ్మా?”

“అది మోగుతుంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుంటుందండీ. కాసేపు కూర్చోండి మాస్టారూ. మీరున్నంతసేపూ దాంతో పనిలేదు.”