కుర్మయ్య చీటీ

"అమ్మమ్మా, నీకు ప్రొఫెసర్ పోస్టు గంత లేటెందుకైంది?"

ఎందుకంటే నీ అమ్మమ్మ మొండిది బిడ్డా. గట్లనే రాస్కో.

రెండువేల సంవత్సరం దాటినంక ముచ్చట. యూనివర్సిటీల మొక్కల పాఠం చెప్తుంటి. సెలవులొస్తే మన గద్వాల, ఆడికెల్లి అమరచింత గుట్టలు. మొక్క తెంపాలె, పేపర్ల నడుమ వెట్టి అదమాలె, ఎండినంక అట్టకు కుట్టి కింద పేరు రాయాలె. బస్సుల అందరు "ఏందమ్మా, ఆకుకూరనా?" అని అడుగుతుండ్రి. అప్పుడు బస్టాండ్ల చాయ్ రెండు రూపాయలు... కాదు, రూపాయిన్నరే. సరే, చాయ్ ముచ్చటెందుకిప్పుడు.

ఒక మొక్కకు కుక్కతులసి అని రాసిన. జూడనీకి గట్లనే ఉండె. నలిపి వాసన జూడాలె గద, ఆ దినం నాకు సర్ది. ముక్కు పనిజేస్తలేదు. ఆకు జూసి రాసేసిన. ఎండినంక ఇగ వాసనేడుంటది? మర్సటేడు గాడికే పోయి కుక్కతులసి అనుకుంట అదే మొక్క తెంపుతుంటే, ఏందని అడిగితే పేరు చెప్పిన, గొర్లు కాసే కుర్మయ్య నవ్విండు. "గది కుక్కతులసి గాదమ్మా" అని, పక్కనే ఉన్న అసలుదాన్ని తెంపి, రెండు నలిపి నా ముక్కుకాడ వెట్టిండు. మస్తు సిగ్గైంది నాకు.

మా నాయిన మగ్గం మీద తప్పు పోగు వడితే ఇప్పి మళ్ల నేస్తుండె. మా పనిల గట్ల నడ్వదు. రాసిన తప్పు చెరపొద్దు. కింద ఇంకో చీటీ అంటించి, సరైన పేరు, దిద్దినోళ్ల పేరు రాయాలె. నేను రాసిన, "దిద్దినది కుర్మయ్య, గొర్ల కాపరి, అమరచింత" అని.

తనిఖీకి పెద్దసార్లు వస్తున్నరని మా హెడ్డు అట్టలన్ని తిరగేసిండు. "గొర్ల కాపరి మనల్ని దిద్దుడేంది, పరువు పోతది. ఆ చీటీ పీకెయ్యి. లేకుంటే నీ ప్రమోషన్ కాయితం మీద సంతకం చెయ్యను" అన్నడు.

"చెయ్యకుండ్రి సార్. తప్పు నాది, దిద్దింది ఆయన. చీటీ ఉంటది" అన్న.

చెయ్యలె. ఆయన రిటైరయ్యేదాంక చెయ్యలె. నా ఎనక వచ్చినోళ్లు ప్రొఫెసర్లై నా ముంగట కుర్సీల్ల గూసున్నరు. కోపమా? ఉండె. ఇప్పటికీ ఉన్నది. మళ్ల అడిగినా గదే జవాబు చెప్త.

ఇప్పుడు నువ్వు గదే చదువు చదువుతున్నవు. మా యూనివర్సిటీ బీరువల ఇంకా నా అట్టలున్నయి, తప్పులుంటయి, ఉండకేం. దొరికితే అమ్మమ్మదని దాయకు. కింద నీ చీటీ అంటించు. సల్లగుండు బిడ్డా... గని సర్ది ఉన్న దినం మాత్రం రాయకు.