గమ్ము రాసినట్టు

నీళ్లా సార్? నీళ్లు పోసి చూస్తానంటారా?

వద్దనడం లేదు. మీరు పరీక్ష పెట్టే ఆఫీసరు, మీ ఇష్టం. కానీ ఇన్నేండ్లలో ఈ ప్లంబింగ్ పరీక్షకు ఎంతమంది ఆఫీసర్లు వచ్చినారు, ఒక్కరన్నా నీళ్లడిగిన పాపాన పోలేదు. వచ్చేది, ఒంటి కన్ను మూసి పైపు తిన్నగా ఉండాదా అని చూసేది, టిఫిను తినేది, సంతకం పెట్టేది. మీరేంది సార్, సిలబస్ చదువుకోని వచ్చినట్టుండారు!

నవ్వడం లేదు సార్. నవ్వే దినమా ఇది?

యాడుండాయి నీళ్లు? వర్క్‌షాపంతా చూడండి. ఆ గోడకు కుళాయిలు, ఈ మూల వాష్ బేసిన్లు, ఆ పక్క కమోడు, దాని మీద ఫ్లష్ ట్యాంకు. తళతళా మెరుస్తా ఉండాయా? మెరవక ఏం చేస్తాయి? నీళ్లు తగిలితే గదా ఉప్పు పట్టేది! నేను ఇన్‌స్ట్రక్టరుగా చేరిన కొత్తల్లోనే బోరు ఎండిపోయింది. పంచాయతీ వాళ్లనడిగితే, "పైనుంచి కాగితం రావాల మేడం" అంటారు. పైవాళ్లనడిగితే, "ఉండేది ఆ ఊళ్లో గదమ్మా, ఊరోళ్లనే అడుగు" అంటారు. తాగను క్యాన్లు తెప్పించుకుంటాం. పిల్లోళ్లు బయటికి పోవాలంటే కంపచెట్లే గతి. ప్లంబింగ్ నేర్పే సెంటరు సార్ ఇది! ఎవరికన్నా చెప్పుకుంటే సిగ్గు.

అదో, మా అటెండరు దామోదరం బిందెతో వచ్చినాడు. మీరు నీళ్లన్న మాట వినగానే ఎదురంగడి బోరులో పట్టుకొస్తా ఉండాడు. "ఆ పైనుండే డ్రమ్ము నిండేలోపల నా నడుము ఇరుగుతాది మేడం" అన్నాడు. మెల్లగా పొయ్యప్పా, తొందరేం లేదు అని నేనే చెప్పినా.

ఔ సార్, నేనే చెప్పినా. ఎందుకంటే... కూర్చోండి, చెప్తా. ఆ స్టూలు వద్దు, కాలు ఊగుతాది.

చివరి బెంచీ దగ్గర పని చేసిన ఆడపిల్లను చూసినారు గదా? ధరణి. సత్యవేడు పక్క. బ్యాచ్ మొత్తానికి ఒక్కతే ఆడమనిషి. ఒక బిడ్డ తల్లి, మొగుడు వదిలేసి పోయినాడు. ఇక్కడ చేరిన రోజు వాళ్ల మామ కూడా వచ్చినాడు. "ఆడది రెంచి పట్టుకుంటే ఇంట్లో గరిటె ఎవరు పట్టుకుంటారు మేడం?" అని నన్నడిగినాడు. నేను నోరు తెరిచేలోపల ఆయమ్మే అనింది, "గరిటెకు సర్టిఫికెట్ అవసరం లేదు గదా మామా, నువ్వే పట్టుకో" అని. ఆ పొద్దే నాకు నచ్చింది.

తిరుపతిలో ఒక లేడీస్ హాస్టలుండాది. ఆడ కుళాయి చెడిపోయిందంటే పెద్ద రామాయణం. మగ ప్లంబరు లోపలికి రావాలంటే గంట కొట్టాల, పిల్లలంతా గదుల్లోకి పోయి తలుపులేసుకోవాల, వాచ్‌మన్ వెంట నిలబడాల. వార్డెన్ శకుంతలమ్మ విసిగిపోయి నాకు ఫోను చేసింది. "ఆడ ప్లంబరుంటే పంపు తల్లీ. జీతమిస్తాం, గదిస్తాం, బిడ్డను ఈడే బడిలో చేర్పిస్తా" అనింది. కాకపోతే సర్టిఫికెట్ ఉండాల. సోమవారం చేరాల. లేదంటే ఎవరో ఒక మగాయన్ను పెట్టేసుకుంటారు. మళ్లీ పరీక్ష వచ్చే ఏడే గదా సార్, అందాక ఎవరు ఆగుతారు?

చేతిపని మీరు చూసినారు. కొలత తప్పలేదు, కోత తిన్నగా కోసింది. మీరు కూడా తలాడించినారు. నేను చూసినా.

ఇంకో బిందె పోసినాడా? పొయ్ పొయ్.

మా సామాను సంగతి మీకు తెలియదు సార్. కొత్త పైపు మొఖం చూసి ఎన్నాళ్లయిందో. ఉన్నదాన్నే కోస్తాం, అతికిస్తాం, మళ్లీ కోస్తాం. ఒక బ్యాచ్‌కు బారెడుండే పైపు తర్వాత బ్యాచ్‌కు మూరెడు, ఆ తర్వాత జానెడు. మలుపు దగ్గర పెట్టే ఎల్బోకు గమ్ము రాసి పైపు దూరిస్తే ఇంక ఊడి రాదు గదా? కోసి పారేయాల్సిందే. దినానికి ఇన్ని ఎల్బోలు నేను యాడ తెచ్చేది? నా జీతంలోనుంచి కూడా కొన్నా కొన్నాళ్లు. చాలక, ఒక ఉపాయం కనిపెట్టినా.

గమ్ము లేకుండా నేర్పించేది.

నవ్వినా పర్వాలేదు. బ్రష్షును డబ్బాలో ముంచినట్టు ముంచాల. పైపు చుట్టూ రాసినట్టు రాయాల. ఎల్బో దూర్చి, కొంచెం మెలిపెట్టి, అది పట్టుకునేదాకా కదలకుండా నిలబడాల. తర్వాత లాగేసి పక్కనోడికియ్యాల. "గమ్ము రాసినట్టు, గమ్ము రాసినట్టు" అని దినామూ అరిచేది నేనే. నాటకంలో ఉత్త గ్లాసులో పాలు తాగరా, అట్ల.

అందరికంటే బాగా చేసేది ధరణి. చూస్తే నిజంగానే రాసిందనుకుంటారు.

ఈ పొద్దు మీరు కొత్త గమ్ము డబ్బాలు పంచినారు. మగపిల్లోళ్లు మూత తీసినారు, ఆ ఘాటుకు దగ్గినారు. "ఒరే, ఇది నిజం గమ్మురా!" అన్నాడు మునికుమార్, మీరు కసురుకున్నారు. ధరణి మాత్రం తలెత్తలేదు. చేతులకు అలవాటైన పని, చేతులే చేసుకుంటా పోయినాయి. మూత తీయని డబ్బా మీద బ్రష్షు ఆడించింది సార్. ముంచినట్టు. రాసినట్టు.

నేను ఆ గోడ దగ్గర నిలబడి చూస్తానే ఉండా. ఏమని చెప్పేది? పరీక్షలో నేను నోరు తెరిస్తే కాపీ కొట్టించినట్టే. గట్టిగా దగ్గినా. మీరేమో, "మేడంకు మంచినీళ్లియ్యండి" అన్నారు.

ఇదిగో ఆ డబ్బా. కొంగు కింద దాచుకున్నా. చూడండి, సీలు కూడా తెగలేదు.

ఐదు నిమిషాలియ్యండి సార్. వాళ్లంతా వరండాలో ఉండారు, ఆయమ్మనొక్కదాన్నే పిలుస్తా. ఊడదీసి, గమ్ము రాసి, మళ్లీ పెడతాది. పని రాక కాదు గదా?

రూలు ఒప్పుకోదా.

సరే. మీ మీద కోపం లేదు. నీళ్లు పోసి చూడాలనే ఆఫీసరు రావాలని నేనే ఎన్నిసార్లు అనుకున్నానో. వచ్చినారు. ఎవరిమీద అరవాలో కూడా దిక్కు తెలియకుండా చేసినారు. హాస్టల్ గోడలో గమ్ము లేని జాయింటు పెడితే నేను మాత్రం ఒప్పుకుంటానా?

దామోదరం దిగుతా ఉండాడు. నిండిందంట.

మీరే తిప్పండి సార్ ఆ వాల్వు. నాకు చెయ్యి రాదు.

మునికుమార్‌ది నిలబడింది. ఆ పక్కది బాలచంద్రది, చెమ్మ కూడా లేదు. ధరణిది... చుక్క. ఇంకో చుక్క. చుక్కలే గదా సార్, చుక్కలకు మార్కులు తగ్గించుకోని... అయ్యయ్యో, ఎల్బో ఊడిపోయింది! జరగండి, జరగండి, మీ ప్యాంటు!

చాల్లే ధరణమ్మా, వరండాలోనుంచి ఉరికొచ్చి కట్టేసినావు గదా వాల్వు, ఇంక వదులు. తలంతా తడిసిపోయింది, పో, తుడుచుకో పో.

విన్నారా ఏమంటా ఉండాదో? "గమ్ము రాసినా మేడం, బాగా రాసినా" అంటా ఉండాది. అబద్ధం కాదు సార్. రాసిందనే అనుకుంటా ఉండాది. ఆ డబ్బా ఇట్లియ్యండి, మళ్లీ కొంగు కింద పెట్టుకుంటా. ఆయమ్మను ఇప్పుడే చూడనియ్యకండి.

రాసినావులేమ్మా. పో.

మీరు ఫెయిలని రాసుకోండి. వేరే ఏం రాస్తారు? శకుంతలమ్మకు నేనే ఫోను చేసి చెప్తా.

నీళ్లా? ఎట్ల పోతాయి సార్? నీళ్లు పోయేదానికని నేలలో ఆ జాలీ ఎంత బాగా బిగించినామో చూసినారా, స్క్రూలు కూడా వరస తప్పలేదు. దాని కింద పైపు లేదు. ఉత్త సిమెంటే. పిల్లోళ్లకు చూపించేదానికి పెట్టింది.

బూట్లు విప్పి చేత పట్టుకోండి సార్. తలుపు దాకానే గదా.