ఓడకు నేలెక్కడిది?

హన్మకొండ చౌరస్తాలోని ట్రావెల్స్ ఆఫీసు. బజారులోని బట్టల షాపులవాళ్లంతా కలిసి వెళ్తున్న ఓడ విహారం టికెట్ల ప్రింట్ కోసం ఏజెంటు లోపలికి పోగానే ఆమె వాకర్‌ను భర్త వైపు జరిపింది.

"గీ రూం ఎవలు తీస్కోమన్నరు నీకు?"

"నేనే అడిగి తీస్కున్న. అన్నిటికన్న కింది అంతస్తు. నడవలేనోళ్లకు నేల మీది రూమే నయం గదా."

"ఓడకు నేల యాడున్నది? తిండి పైన, సముద్రం చూసేది పైన. లిఫ్టేమో ఆ కొసకు. బాత్రూంకు ఎత్తు గడప. నేనెట్ల దాటుత?"

"లోపల పండుకొని రెస్ట్ తీస్కో. అన్నం రూంకే పంపిస్త."

"మన బజారు బట్టల షాపులోళ్లంత యాడుంటాండ్రు?"

అతను ఫోన్‌లో తల దూర్చాడు.

"తొమ్మిదో అంతస్తుల."

"మనమొక్కలమే కిందనా?"

"వాకర్ టకటక కొట్టుకుంట అందరి నడుమ తిరుగుతవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆమెకు అతని చెంప పగలగొట్టాలనిపించింది. గొంతు మాత్రం పెంచలేదు.

"ఈ కాలు ఇరిగిన్నాడు బండి నడిపింది నువ్వే. అప్పుడు యాడ వోయింది నీ ఇజ్జత్?"

"మల్ల గదే ముచ్చట!"

"సరే, కొత్త ముచ్చట ఇను. పొద్దున ఎదురు షాపు సుకన్యక్కతోని మాట్లాడిన. తొమ్మిదో అంతస్తులనే లిఫ్టు పక్కన, బాత్రూంకు గడప లేని రూం ఉన్నది, తలుపు గూడ వెడల్పు. నేను, అక్క అండ్ల ఉంటం. ఏజెంటుకు ఫోన్ల పేర్లు గూడ చెప్పిన."

"మరి నేను?"

"కింది రూం నీదే. అక్క వాళ్లాయన తోడుంటడు. రాత్రంత గురక పెడతడు గని సక్కగ నడుస్తడు. నీ ఇజ్జత్ యాడికి పోదు."