ఇంగ్లీషులో ‘పోయొస్త’

గద్వాల బజారులో మా కిరాణా దుకాణం. దాని వెనకే ఇల్లు. కర్నూలులో గ్యాసునూనె కంపెనీ దొరతో మాట్లాడి అప్పుడే రైలు దిగి వచ్చాను. మాట్లాడుకుంటున్నది నేనూ, మా ఆవిడ సుభద్రమ్మా.

“జర గట్టిగ గుంజు సుభద్రా! కాలు ఊడొచ్చినా ఫికర్ లేదు, రెండో బూటు గూడ రావాలె.”

“ఎవరి బూట్లు ఇవి?”

“వకీలువి. అడిగి తెచ్చుకున్న. దొర ముందట చెప్పులతోని నిలవడితె ఇజ్జత్ ఏముంటది?”

“కాలు వాచింది, ఇజ్జత్ మిగిలింది. బూట్ల సంగతి పక్కన వెట్టుండ్రి. వద్దని చెప్పిండ్రా లేదా?”

“చెప్పిన.”

“మన ఇల్లు, దుకాణం కంపెనీ గోదాముకు ఇయ్యలేమని, దొర ఇస్తనన్న కర్నూలు కొలువు మీకు వద్దని, సాఫ్‌గ చెప్పిండ్రా?”

“సాఫ్‌గ చెప్పొద్దే! అదే తెలివి. దొర మనసు నొవ్వకూడదు. రేపు ఆయన నూనె డబ్బాలు ఆపిండంటె దుకాణంల ఏం అమ్ముత? అందుకే బిజినెస్ ఇంగ్లీషుల చెప్పిన. తిమ్మప్ప పంతులు నెల నుంచి నేర్పలే?”

“నేర్పిండు. మన ఇంట్ల అటుకులు తినుకుంట నేర్పిండు. ఏమని చెప్పిండ్రు?”

“ఇంగ్లీషుల వద్దు అనుడు మోటు. దానికొక పద్ధతుంది. ముందుగాల థ్యాంక్స్ చెప్పాలె. చెప్పిన.”

“ఇంక?”

“ఆయన మాటను మెచ్చుకోవాలె. మీ ఆఫర్ చానా మంచిగుంది, మాసొంటోళ్లకు గింత గౌరవమా, అన్న. దొర నవ్విండు.”

“నవ్వకేం జేస్తడు. ఇంక?”

“గప్పుడు తల వంచుకొని ‘బట్’ అన్న.”

“బట్టలా? నడుమ బట్టల సంగతి ఎందుకొచ్చింది?”

“బట్టలు గాదే! బట్. అంటె, కాని.”

“కాని?”

“కాని.”

“కాని... ఏంది?”

“గంతే. అటెన్క మాట నోటికి రాలే. బూట్లు కరుస్తున్నయి. ఐనా పంతులు చెప్పిండు, తెలివున్నోళ్లకు బట్ చాలట. మిగిలింది వాళ్లే తెలుసుకుంటరు.”

“అంటె వద్దు అన్న మాట మీరు అననే లేదు.”

“బట్‌ల ఉంది గద!”

“మీరు తెలుగులనే వద్దనలేరు. మీ మేనబావ వచ్చి జర నడుము వాలుస్త అంటె, ఇల్లు నీదే అనుకో అంటిరి. ఆయన ఇంకా వసారల గురక పెడుతుండు. సరే, బట్ అన్నంక దొర ఏమన్నడు?”

“నా మొఖం దిక్కు చూసుకుంట కూసున్నడు. నేనూ కూసున్న. ఇంక కూసుంటె మంచిగుండదని లేసి, మర్యాదగ సెలవు తీసుకున్న.”

“ఏమని?”

“మనం ఏమంటం? పోయొస్త అంటం. గదే ఇంగ్లీషుల అన్న. ‘ఐ గో అండ్ కమ్, సార్.’”

“దొరకు సమజైందా?”

“ఎందుకు గాదు? ఎప్పుడు వస్తవ్ అని అడిగిండు. చూసినవా మర్యాద! అడిగినంక చెప్పకుంటె ఎట్ల? మంచిరోజు చూసుకొని వస్త అన్న. దొర లేసి చెయ్యి కలిపిండు సుభద్రా! గీ చెయ్యే. కడుక్కోబుద్ధి ఐతలేదు.”

“కడుక్కోండ్రి. ఇంట్లకు వచ్చేటప్పుడు వాకిట్ల ఏమన్న చూసిండ్రా?”

“బూట్లు కరుస్తుంటె ఏం చూస్త? కుంటుకుంట వచ్చిన.”

“నిన్న రాత్రి మీరు కర్నూల్ల చుట్టాలింట్ల పండుకున్నరు. ఈడ పొద్దటి రైలుకు కంపెనీ మనుషులు దిగిండ్రు. గోడలు కొలిచిండ్రు. నా దేవుని గూడు కాడ డబ్బాలు పేరుస్తరట. వంటింట్ల పీపాలట. వాకిట్ల కంపెనీ పేరున్న రేకుబోర్డు ఆనిచ్చి పోయిండ్రు.”

“ఎవరు వెట్టమన్నరట?”

“నేనూ గదే అడిగిన. మీ సేటే వస్తనన్నడమ్మా, కొలువుల చేరనీకి మంచిరోజు గూడ చూసుకుంటుండు, అన్నరు.”

“నేనన్నది సెలవు తీసుకునే మాట! దొరకు గంత తెల్వదా?”

“పోయొస్త అంటె పోతుండని మనకు ఎరుక. వానికేం ఎరుక? వస్త అంటె వస్తడనే అనుకుండు.”

“పంతులు గిది చెప్పలే...”

“మాపటి రైలుకే మల్ల పోండ్రి. లోపలికి పోంగనే ‘నో’ అనుండ్రి. నోరు రాకుంటె తల అడ్డంగ ఊపుండ్రి.”

“చెయ్యి కలిపిన మనిషికి మొఖం మీద నో ఎట్ల అంట? ఏమనుకుంటడు? జర ఆగుదాం. తిమ్మప్పను అడిగి మంచి మాట ఒకటి...”

“ఇల్లు పోయినా మాట మంచిగుండాలె.”

“గట్ల గాదే... ఏందీ, ఆ మూట ఎందుకు గడుతున్నవ్?”

“వనపర్తికి. మా అమ్మగారింటికి. పీపాల నడుమ నేను వండను.”

“గింత దానికే పరేషాన్ ఐతవేందే? సరే, నాలుగు దినాలుండి రా.”

“పోత.”

“అయ్యయ్యో! ఇంట్ల నుంచి పోయేటప్పుడు పోత అంటరా? పోయొస్త అనాలె!”

“ఎందుకనాలె? నేను మీ లెక్క ఇంగ్లీషు సదువుకోలే. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. పోత.”

చదువరులారా, ఆమె జట్కా స్టేషను దారి పట్టింది. దొరకు ‘వద్దు’ అనడానికీ, ఆమెకు ‘రా’ అనడానికీ, ఎవరి మనసూ నొవ్వకుండా రెండు చోట్లా పనికొచ్చే మాట ఒక్కటి, ఏ భాషలోదైనా సరే, మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి వెంటనే చెప్పండి. పరుగెత్తి చెప్పివద్దామంటే, ఒక బూటు ఇంకా కాలికే ఉంది.