చీమతలంత నోటీసు

తెరమీది అక్షరాలను పెద్దవి చేసి చూపే ఆ చిన్న బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ను, చూపు మందగించినవాళ్ల కోసం, అక్కా తమ్ముడూ కలిసి తయారుచేశారు. ఇప్పుడది అన్ని బ్రౌజర్లలోనూ నడుస్తోందని తమ్ముడు కొత్త పేరుతో మళ్లీ విడుదల చేసి, పాతదాన్ని ఆ ఉదయమే మూసేశాడు. అక్క అతని బల్ల ముందుకు కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపంతో ఆమె చెవులు వేడెక్కుతున్నాయి.

“ఎవరినడిగి మూశావురా?”

“ఒక్క బ్రౌజర్ పేరే తగిలించుకుని ఎన్నాళ్లుంటుందక్కా? ఆ పేరు చూసి మిగతావాళ్లు మనవైపు తొంగైనా చూడట్లేదు.”

“పేరు మార్చు, వద్దన్నానా? పాతది వాడేవాళ్ల సంగతేంటి?”

“కొత్తది వేసుకోమని పది రోజులు నోటీసు పెట్టాగా!”

“ఏదీ, చూపించు.”

చూపించాడు. తెర మూలన, బూడిదరంగులో, చీమతలంత అక్షరాలు.

“దీన్ని మన ఎక్స్‌టెన్షన్ పెద్దది చేస్తుందా?”

“చెయ్యదు, అది పేజీల్లోని అక్షరాల్నే పెంచుతుంది... చిన్నగా ఉంటే అందంగా ఉంటుందని...”

“తొమ్మిది వేలమందిని మళ్లీ చీకట్లోకి తోశావు కదరా, అందగాడా!”

అక్క ఫోను మోగింది. ఎవరు చేశారో చూడకుండానే ఆమె దాన్ని అతని చేతిలో పెట్టింది.

“అక్షరాలు కనబడట్లేదని పొద్దున్నుంచి ఇది పదిహేడో ఫోను. నువ్వే మాట్లాడు.”

“ఏం చెప్పనక్కా?”

“ముందు క్షమించమని అడుగు. పాతది మళ్లీ తెరిచేదాకా ఆ కొత్త పేరు నీ నోట వినబడిందో, చూడు!”